టైటానియం బండికి స్టాండు

మా ఆయన కర్ట్ సైకిల్ తొక్కే నిక్కర్లు వాషింగ్ మెషీన్లో వెయ్యకూడదు. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, అడుగున కుట్టిన మెత్త నలగకుండా చేత్తో పిసికి, మెలిపెట్టకుండా తువ్వాల్లో చుట్టి అదిమి, నీడలో పరిచి ఆరెయ్యాలి. ఎండ తగిలితే సాగే గుణం పోతుంది. ఈ సంగతులన్నీ నాకు చెప్పింది కర్టే. ఇరవై రెండేళ్ళ కిందట మొదటి నిక్కరు కొనుక్కొచ్చినరోజు అట్టపెట్టె మీద రాసింది గట్టిగా చదివి వినిపించాడు. చదవడం అతని వంతు అయింది, పిసకడం నా వంతు అయింది. ఎవరూ పంచలేదు, అదే అలా పంచుకుపోయింది.

ఆ శనివారం మధ్యాహ్నం కూడా కింది గదిలో తొట్టి మీద వంగి అదే పని చేస్తున్నాను. పొద్దున్న కర్ట్ సైకిల్ క్లబ్బు వాళ్ళతోపాటు నేనూ నలభై మైళ్ళు తొక్కి వచ్చినదాన్నే. కుడిచేతి చివరి రెండు వేళ్ళు ఎప్పట్లాగే మొద్దుబారి ఉన్నాయి. నీళ్ళు వేడిగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో మిగతా మూడు వేళ్ళనడిగి తెలుసుకోవాలి.

కర్ట్ మెట్లమీంచి అన్నాడు, "ఆర్లీ, నేను కొత్త బండి చూస్తున్నానోయ్. ఈ నీలంది నీకిచ్చేస్తాలే. సీటు కాస్త దించి హ్యాండిల్ వెనక్కి జరిపితే నీకు భేషుగ్గా సరిపోతుంది."

"నాకొద్దు."

"ఏం వద్దు?"

"నీలంది. నాకు నేనే ఒకటి కొనుక్కుంటాను. టైటానియంది."

ఆ మాట నేను ముందు అనుకుని అన్నది కాదు. నోట్లోంచి వచ్చాక, ఎవరన్నారా అని తొట్టిలోకి చూశాను.

కర్ట్ నవ్వాడు. "టైటానియమా? అది పళ్ళ డాక్టర్లు రిటైరయ్యాక కొనుక్కునేది. నీకెందుకు?"

కర్ట్ చెడ్డవాడు కాదు. మా వైపు ఏ ఆడది మొగుడి సంగతి ఎత్తినా ముందు ఈ ముక్క అనేసి మొదలెడుతుంది, నేనూ అనేశాను. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాడు. తాగి తూలడు, చెయ్యెత్తడు, శుక్రవారం సాయంత్రం చేపల వేపుడు తినడానికి బయటికి తీసుకెళ్తాడు. అతనికి ప్రేమ పుట్టినప్పుడల్లా తన పాత వస్తువేదో నాకిస్తాడు. తన పాత చలికోటు చేతులు మడిచి ఇచ్చాడు. తన పాత ఫోను గీతలు కనపడకుండా తొడుగు వేసి ఇచ్చాడు. సైకిళ్ళయితే మూడు. ఎర్రది, నల్లది, ఇప్పుడు తొక్కుతున్న బూడిదరంగుది. అన్నీ ఆరడుగుల మగాడికి చేసినవి. నేను అయిదడుగుల మూడంగుళాలు. "నీకు సర్దాను" అనేవాడు ప్రతిసారీ, రెంచీ తుడుచుకుంటూ. సర్దింది బండిని అనుకునేవాడు అతను, సర్దుకున్నది నేను.

వేళ్ళ మాట చెబితే, "నీకు పొట్ట కండరాల్లో బలం లేదు, ఒళ్ళంతా చేతుల మీద వేస్తున్నావు" అన్నాడు. డాక్టరు వయసన్నాడు. మా అత్తగారు వెర్నా అయితే ఆదివారం భోజనాల దగ్గర బంగాళాదుంపలు వడ్డించుకుంటూ, "చిన్నప్పట్నుంచీ పాలు పితికిన చేతులు కదమ్మాయ్, అరిగిపోయుంటాయి" అంది. ముగ్గురూ చెప్పింది వేరువేరుగానే గానీ తప్పు మాత్రం నా ఒంట్లోనే తేల్చారు. నేనూ ఒప్పేసుకున్నాను. పన్నెండేళ్ళు.

అంతకుముందు పదేళ్ళు నేను సైకిలెక్కలేదు. కారు తోలాను. శనివారం క్లబ్బు వాళ్ళు ముందు తొక్కుతుంటే వెనక కార్లో నీళ్ళు, అరటిపళ్ళు, చక్రాల ట్యూబులు, గుడ్డు సాండ్‌విచ్‌లు వేసుకుని గంటకి పదిహేను మైళ్ళ చొప్పున పాక్కుంటూ వెళ్ళేదాన్ని. మా అమ్మాయి చదువుకి డులూత్ వెళ్ళిపోయాక కర్ట్ ఎర్ర బండి ఇచ్చి, "ఇక నువ్వూ మాతో రావచ్చు" అన్నాడు. కారు మానేశాం. సాండ్‌విచ్‌లు మాత్రం మానలేదు, చొక్కా వెనక జేబుల్లోకి వచ్చాయి. ఏడుగురు మగాళ్ళ తిండి నా నడుం మీద. గుంపులో అందరికన్నా మెల్లిగా తొక్కేది నేను, బరువు మోసేదీ నేనే. ఇందులో లెక్క తప్పిందని లెక్కల మాస్టారికి ఎప్పుడూ తోచలేదు.

మా క్లబ్బుకో నియమం ఉంది. ఎవర్నీ దారిలో వదిలెయ్యం. బండి షాపుల్లో కాగితాల మీద కూడా అచ్చేసి అంటించారు. మా వైపంతా కొండలే కాబట్టి ప్రతి ఎత్తు పైనా ఆగి, వెనకబడ్డవాళ్ళు వచ్చేదాకా చూస్తారు. వినడానికి ఎంతో దయగా ఉంటుంది. వాళ్ళు పైకెక్కి, హెల్మెట్లు తీసి, నీళ్ళు తాగి, ఆవుల మీదా ఎన్నికల మీదా జోకులేసుకుని, పక్క చేలోకి వెళ్ళొచ్చి, ఊపిరి సమంగా తిరిగేసరికి నేను కింద మలుపులో కనిపిస్తాను. "అదిగో ఆర్లిస్, అదిగో వచ్చేసింది, తొక్కు తొక్కు" అని చప్పట్లు కొడతారు. మంచివాళ్ళే. నేను పైకొచ్చి ఒక కాలు నేలకి ఆనించగానే క్లబ్బు పెద్ద లైల్ చేతులు దులుపుకుని, "అందరం వచ్చేశాం, పదండి" అంటాడు. నేను రావడమే వాళ్ళకి లేచే గంట. అయిదుగురు పది నిమిషాలు కూచుంటారు, ఇద్దరు ఆరు నిమిషాలు కూచుంటారు, నేను కూచోను. అందరికన్నా ఎక్కువ అలిసినదానికి అలుపు తీర్చుకునే వంతు లేదు. నా కోసమే ఆగారు గనక నేను ఆగమనలేను. మీదుమిక్కిలి, "సారీ, ఆలస్యం చేశాను" అని నేనే అంటాను.

ఇంట్లోనూ అంతేననుకోండి. అందరి పళ్ళేలూ నింపి నేను కుర్చీ లాక్కునేసరికి వెర్నా కాఫీ అడుగుతుంది. నేను పనిచేసే పశువుల ఆసుపత్రిలో డాక్టరు రిటైరవుతూ తన కుర్చీ నాకిచ్చి వెళ్ళాడు. పెద్ద తోలు కుర్చీ. కాళ్ళు అందవు. పదకొండేళ్ళుగా టీకాల అట్టపెట్టె ఒకటి కాళ్ళకింద పెట్టుకుని ఫోన్లెత్తుతున్నాను. "రాణీలా కూచుంటావు" అంటారు అక్కడివాళ్ళు.

టైటానియం మీద నాకు మోజెలా పుట్టిందంటే, కిందటేడు కర్ట్ చైను మార్పించుకోవడానికి మాడిసన్‌లో ఒక సైకిల్ షాపుకి తీసుకెళ్ళాడు. గోడకి ఒకటి వేలాడుతోంది. రంగు లేదు, అక్షరాలు లేవు. మా నాన్న పాలగదిలో పెద్ద పాలతొట్టి ఉండేది చూడండి, పొద్దున్న కడిగాక అది ఎలా ఉండేదో అలా ఉంది. చెయ్యివేసి చూశాను. చల్లగా, నునుపుగా, ఎవరి మెప్పూ అక్కర్లేనట్టు ఉంది. "దీనికి తుప్పు పట్టదండీ, పెచ్చులూడ్డానికి రంగే లేదు. గతుకుల దారైతే ఒంటికి అదురు తెలియనివ్వదు. ఒకసారి కొంటే మీ తర్వాత కూడా ఉంటుంది" అన్నాడు షాపాయన. ఆ మాటలన్నీ కర్ట్‌తో అన్నాడు. చెయ్యివేసింది నేను.

అక్టోబరులో మళ్ళీ అదే షాపుకెళ్ళాం. నా సొంత డబ్బు, పశువుల ఆసుపత్రి జీతంలో దాచుకున్నది. కర్ట్ వద్దనలేదు. "సరే, మంచిది చూద్దాం" అన్నాడు, 'మనం' వచ్చి చేరింది. షాపాయన మళ్ళీ కర్ట్ మొహం చూసి, "ఆవిడకి ఎలాంటిది కావాలి సార్?" అన్నాడు. నేను ఇద్దరి మధ్యా నిలబడే ఉన్నాను. "తేలిగ్గా ఉండాలి, ముందుకి బాగా వంగేలా ఉండాలి, మా గుంపుతో సమానంగా రావాలి కదా" అన్నాడు కర్ట్. షాపువాళ్ళు నింపమన్న కాగితం మీద 'ఎలా తొక్కుతారు' అన్నచోట అతనే గీత పెట్టాడు, 'వేగంగా, గుంపుతో'. దాని కిందే 'సరదాకి' అని ఇంకో గడి ఉంది. నేను చదివాను. చదివి ఊరుకున్నాను.

కొలతలు తీసే ఆవిడ పేరు జోనెల్. నలభై ఏళ్ళుంటాయి, మెడలో టేపు, చెవి వెనక పెన్సిలు. చక్రాల్లేని ఇనప బండి ఒకటి ఉంది ఆవిడ గదిలో, ఏ ముక్కని కావాలంటే ఆ ముక్కని జరపొచ్చు. నన్ను దానిమీద ఎక్కించింది. కర్ట్ పక్కన నిలబడి, "హ్యాండిల్ ఇంకాస్త దూరం పెట్టండి, అలవాటవుతుంది" అన్నాడు.

జోనెల్ మర్యాదగానే అంది, "సార్, ఎదురుగా కాఫీ బావుంటుంది. తాగి రండి."

అతను వెళ్ళాక అడిగింది, "ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే? చేతులు నెప్పెట్టడం లేదా?"

"అది మామూలేగా."

ఆవిడ వంగి ఏదో మర తిప్పింది. హ్యాండిల్ ఒక అంగుళం నా వైపొచ్చింది. "తొక్కుతూ ఉండండి." ఇంకో అరంగుళం. సీటు కొంచెం ముందుకి. మళ్ళీ హ్యాండిల్ పైకి. ఎదర గోడమీద ఏదో సరస్సు బొమ్మ ఉంటే దాన్ని చూస్తూ తొక్కుతున్నాను. పడవలు లెక్కపెట్టాను. ఒడ్డున ఒక కుక్క ఉంది. ఎంతసేపయిందో, "ఇప్పుడెలా ఉన్నాయి చేతులు?" అంది.

కిందకి చూశాను. నాకు చేతులున్న సంగతే మర్చిపోయాను.

"మీ ఒంట్లో ఏ లోపం లేదండీ," అంది టేపు చుట్టుకుంటూ, రోజుకి పదిమందికి చెప్పే మాటలా. "ఇన్నాళ్ళూ మీది కాని బండి తొక్కారు, అంతే."

మా నాన్న ఆవులకి మెడపట్టీ కట్టేటప్పుడు తోలుకీ మెడకీ మధ్య రెండు వేళ్ళు దూర్చి చూసేవాడు. దూరకపోతే ఇంకో చిల్లు పొడిచేవాడు. యాభై ఆవులుంటే యాభైకీ. ఒకదాని పట్టీ ఇంకోదానికి కట్టనిచ్చేవాడు కాదు, ఒరుసుకుంటుందని. ఆ పశువులకున్నపాటి యోగం నాకు లేకపోయిందే అనిపించింది. ఏడుపొస్తుందేమో అని చూసుకున్నాను. రాలేదు. ఏడవాలన్నా కాస్త ఓపికుండాలి.

జోనెల్ ఆ కాగితం తీసి, "ఇది మీ ఆయన రాశారు. మీరు చెప్పండి, ఎందుకు తొక్కుతారు?" అంది.

ఈ మాట నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. "నాకు ఆగాలని ఉంటుంది," అన్నాను. "దారిలో కొంగలు దిగుతాయి. చర్చి దగ్గర ఎవరో కొత్త రకం గుమ్మడి వేస్తారు. ఆగి చూడాలనిపిస్తుంది. ఆగితే బండి ఆనించడానికి గోడుండదు, అన్నీ మొక్కజొన్న చేలే. కాలవగట్టున పడుకోబెడితే చైనంతా మట్టి. వాళ్ళెవరూ ఆగరు గనక వాళ్ళకి ఆ బాధ లేదు."

"అయితే స్టాండు కావాలి మీకు."

"టైటానియం బండికి స్టాండు వేయించుకుంటారా?"

"ఎవరూ వేయించుకోరు," అంది జోనెల్, పెన్సిల్తో రాసేస్తూ. "బరువని ఒకరు, నామోషీ అని ఒకరు. మీకు నామోషీనా?"

ఈ బండ్లు తయారుగా దొరికేవి కావు. కొలతల్ని బట్టి గొట్టాలు కోసి అతుకుతారు. కోసే ముందు ఒక బొమ్మ గీసి పంపుతారు, ప్రతి గొట్టం పొడుగూ అందులో ఉంటుంది. కొనేవాళ్ళు దానిమీద సంతకం పెట్టాలి. పెట్టాక ఇక మార్పుల్లేవు. ఆ లోహాన్ని వంచి సర్దడం కుదరదు, తర్వాత ఏదన్నా అతుకుదామన్నా కుదరదు.

నా బొమ్మ నవంబరులో వచ్చింది. వచ్చింది కర్ట్ మెయిలుకి, కాగితంలో అతను తనదే రాశాడు. అది జింకల వేట వారం. మా ఊళ్ళో మగాళ్ళందరూ ఒకరి తుపాకీకి ఒకరు తగలకుండా నారింజ చొక్కాలు వేసుకుని అడవిలో గుడిసెలకి పోయే వారం. పొద్దున్నే అతనికి గొడ్డుమాంసం చిక్కుళ్ళ కూర డబ్బాల్లో సర్దుతుంటే తుపాకీ సంచీ భుజాన తగిలించుకుంటూ అన్నాడు, "నీ బండి బొమ్మ బల్లమీద పెట్టా. చిన్న చిన్న దిద్దుబాట్లు చేశా, వాళ్ళకీ రాసేశా. నీ సంతకం పెట్టి పంపెయ్యి చాలు." నుదుటిమీద ముద్దు పెట్టుకుని వెళ్ళాడు.

బల్ల తుడిచి కాగితం ముందు పెట్టుకుని కూచున్నాను. లెక్కల మాస్టారి అచ్చమైన చేతిరాత. పై గొట్టం యాభై ఒకటిన్నర సెంటీమీటర్లని జోనెల్ రాసినచోట కొట్టేసి యాభై నాలుగు. హ్యాండిల్ కిందకి. వెనక సంచీ తగిలించుకునే మరలు అక్కర్లేదు, అందం చెడుతుంది. స్టాండు దగ్గర పెద్ద ప్రశ్నార్థకం, తర్వాత అడ్డగీత, పక్కన ఒక నవ్వుమొహం. అంచున రెండు వాక్యాలు. 'ఆవిడ మెరుగుపడేకొద్దీ ఈ పొడుగు కావాల్సొస్తుంది. ఒకవేళ మానేస్తే నేను వాడుకోవచ్చు.'

బడికెళ్ళే పిల్లకి రెండేళ్ళు ముందుచూపుతో పెద్ద కోటు కొంటారు, ఎదుగుతుందని. నాకు యాభై ఏడు. ఇంకా ఎదగమంటున్నాడు. ఎదక్కపోతే కోటు ఆయనకి.

కోపం రాలేదంటే నమ్మండి. చాలా మెల్లిగా ఒక సంగతి అర్థమవుతూ వచ్చింది. ఈ మనిషి నన్ను ఎప్పుడూ కించపరచాలనుకోలేదు. నేను తనకన్నా కొంచెం పొట్టి కర్ట్‌ననుకున్నాడు. అభ్యాసం చాలని కర్ట్‌ని. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఓపిగ్గా దిద్దుతున్నాడు, తరగతిలో వెనకబెంచీ పిల్లాణ్ణి దిద్దినట్టు. అతని దయ అంతా ఆ దిద్దుబాటులోనే ఉంది. దాన్ని కాదనాలంటే దయని కాదన్నట్టుంటుంది, అందుకే ఇన్నాళ్ళూ కాదనలేకపోయాను.

వంటింట్లో డబ్బాలు కడగాల్సినవి ఉన్నాయి. వాటినలాగే వదిలేసి ఫ్రేము చేసే ఆయనకి ఫోన్ చేశాను.

"ఆర్లిస్ టాలెఫ్సన్‌నండీ. బొమ్మ సంగతి."

"ఆఁ, మీవారు రాశారు. మార్పులు చేసి కొత్తది గీస్తున్నా."

"గీయకండి. మొదటిదే ఉంచండి. కొలిచింది నన్ను."

అవతల కాసేపు ఏదో యంత్రం తిరిగే చప్పుడు. ఆపేశాడు. "మరి స్టాండు? దానికి వెనక పలక అతకాలి. పదిహేడేళ్ళుగా చేస్తున్నా, ఒక్కళ్ళూ అడగలేదు. ఇప్పుడు అతికితే తియ్యడం కుదరదు, వద్దనుకుంటే తర్వాత పెట్టడం కుదరదు. బాగా ఆలోచించుకున్నారా?"

"ఆలోచించడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. అతకండి."

అతను నవ్వాడు. వెక్కిరింత కాదు. "సరే మేడమ్. గట్టిగా అతుకుతా."

జోనెల్ కొలతలున్న మొదటి బొమ్మని కర్ట్ మెయిల్లోంచి మళ్ళీ అచ్చు తీసి, మొద్దు వేళ్ళతోనే సంతకం పెట్టాను. వంకర్లు పోయింది. పర్లేదు, నాదేనని తెలుస్తూనే ఉంది.

ఆదివారం కర్ట్ జింకతో వచ్చాడు. "పంపావా?" "పంపాను." ఏది పంపావని అడగలేదు. అడగాల్సిన అవసరం అతనికి తోచలేదు.

బండి మేలో వచ్చింది. కర్ట్ గరాజులో అట్టపెట్టె విప్పి, టేపు తెచ్చి పై గొట్టం కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. తర్వాత కిందకి చూశాడు.

"ఆర్లీ, స్టాండు పెట్టి పంపారు."

"నేనే పెట్టమన్నాను."

"టైటానియానికా? లైల్ వాళ్ళు చూస్తే ఏమంటారు?"

"ఏమంటారో శనివారం విందాం."

లైల్ వాళ్ళు అనాల్సినవన్నీ అన్నారు. పాలక్యానులు కూడా తగిలించుకోలేకపోయావా అన్నాడొకడు. గంట ఏదీ, బుట్ట ఏదీ అన్నాడు ఇంకొకడు. నేనూ నవ్వాను. నవ్వడానికి నష్టమేముంది, వేళ్ళు చురుగ్గా ఉన్నాయి. బయల్దేరాం. కొత్త బండి వల్ల నేనేమీ వేగం పుంజుకోలేదు. ఆ సంగతి ముందే చెప్పాలి, ఇలాంటి చోట అందరూ అదే ఆశిస్తారు. మొదటి కొండ దగ్గరే ఎప్పట్లా వెనకబడ్డాను. కొంగల్ని చూశాను. పెడల్ తర్వాత పెడల్, నా పద్ధతిలో నేను ఎక్కాను.

కొండమీద లూథరన్ చర్చి, దాని ముందు రాతి అరుగు. ఏడుగురూ దానిమీద కూచుని ఉన్నారు. "అదిగో ఆర్లిస్, తొక్కు తొక్కు." చప్పట్లు. నేను పైకొచ్చి కాలు ఆనించాను. లైల్ చేతులు దులుపుకున్నాడు. "అందరం వచ్చేశాం, పదండి."

వాళ్ళు లేచారు. హెల్మెట్లు టకటకమన్నాయి. నేను బండి దిగి, మడమతో స్టాండు తన్నాను. బండి నిలబడింది. దాన్ని వదిలేసి, అప్పుడే ఖాళీ అయిన అరుగు మీద కూచున్నాను. రాయి ఇంకా వెచ్చగా ఉంది, వాళ్ళు కూచున్న వేడికి.

"ఏమైంది? చక్రం పోయిందా?" అన్నాడు లైల్.

"ఏం కాలేదు. మీరు పదండి."

కర్ట్ దగ్గరికొచ్చాడు, బండి రెండుకాళ్ళ మధ్యే పెట్టుకుని. "వదిలేసి ఎలా పోతాం? నియమం ఉందిగా."

"మీరు వదిలెయ్యడం లేదు. నేను కూచుంటున్నాను."

"మరి సాండ్‌విచ్‌లు?"

"ఒకటే తెచ్చాను."

అతను నా వెనక జేబుల వైపు చూశాడు, నిజంగానే ఖాళీగా ఉన్నాయేమో అని. తర్వాత బండి వెనక సంచీ వైపు. తర్వాత ముందు వెళ్ళిపోతున్న వాళ్ళ వైపు. మొహంలో కోపం లేదు, లెక్క కుదరనప్పటి మొహం.

"ఎంతసేపు కూచుంటావ్ ఆర్లీ? పది నిమిషాలా? పావుగంటా?"

సాండ్‌విచ్ పొట్లం విప్పాను.

"అలుపు తీరేదాకా," అన్నాను. "అదెంతుందో నాకూ తెలీదు కర్ట్. ఇవాళే మొదలెట్టాను."